మరిది వకాలత్

“ఆరింటికి తెచ్చిన నాలుగు పాకెట్లు ఏడింటికే అయిపోయినయంటే నేనేం జెయ్యాలె? బర్రెను తెచ్చి వాకిట్ల కట్టాల్నా?” అంది పోసవ్వ, గిన్నె అడుగును గరిటెతో గీకుతూ.

“పాల సంగతి కాదత్తమ్మా నేనడిగేది. వరండాల ఇరవై మంది ఉన్నరు. పందొమ్మిది మందికి చాయ్ పోయింది. గౌరీబాయికి ఎందుకు పోలేదని అడుగుతున్న,” అంది పెద్దకోడలు మహేశ్వరి.

“ఆమె ఎంపీ కోసం రాలేదు గదనే. నీ కోసం వచ్చింది.”

“అందుకే అడుగుతున్న.”

ఖాళీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సుజన అత్త వైపూ తోడికోడలి వైపూ మార్చి మార్చి చూసింది. “నేను చూస్కోలే అక్కా. అత్తమ్మ చూపించినోళ్లకే ఇచ్చుకుంట పోయిన,” అంది. ఆ గొంతులో తప్పు చేసినట్టు ఏమీ లేదు. భర్త ఎంపీ అయి నెల దాటింది. ఈ నెలలో ఆమె గొంతు కొద్దిగా నెమ్మదించింది, చీరలు కొద్దిగా మారాయి. అంతకు మించి ఆమెను అనడానికి మహేశ్వరికి ఏమీ దొరకలేదు. దొరికితే బాగుండునని మాత్రం చాలాసార్లు అనుకుంది.

మహేశ్వరి భర్త వెంకటేశం నస్రుల్లాబాద్ పొలానికి బయలుదేరుతూ చెప్పుల దగ్గర ఆగాడు. “పావుగంట నుంచి వింటున్న. ఒక్క కప్పు చాయ్‌కి గింత పంచాయితా? కోర్టుల చేసేది సాలక ఇంట్ల గూడనా?”

“కోర్టుల అయితే గెలుస్త. ఇంట్లనే ఓడిపోతున్న,” అంది మహేశ్వరి. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

తన కోసం పోసి పెట్టిన కప్పు తీసుకుని వరండాలోకి వెళ్లింది. గోడ వారగా వేసిన పొడుగు బెంచీ ఆమెది. ప్రాక్టీసు పెట్టిన మూడో ఏడు, క్లయింట్లు నేల మీద కూర్చోవడం చూడలేక చేయించింది. ఇప్పుడు దాని మీద తెల్ల చొక్కాల వాళ్లు ఏడుగురు ఇరుక్కుని కూర్చున్నారు. ఎంపీ అయిన మరిది రాజాబాబు ఢిల్లీలో ఉన్నా వీళ్లు ఆగరు. కాగితం సుజన చేతికిచ్చి, ఆమె చేత ఫోన్ చేయించుకుని గాని కదలరు. గౌరీబాయి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. మనోవర్తి కేసులో రెండేళ్లుగా మహేశ్వరి చుట్టూ తిరుగుతున్న మనిషి.

“నీ కప్పు నాకిస్తే నీకేది వకీలమ్మా?”

“నేను తాగిన. తీస్కో.”

గౌరీబాయి రెండు గుక్కలు తాగి, గొంతు తగ్గించి అడిగింది. “అమ్మా, ఎంపీ సారుకు ఒక్క మాట చెప్పరాదూ? ఆయన ఫోన్ కొడితే నా కేసు జల్ది అయితదంటుండ్రు.”

“కోర్టు కేసులు ఫోన్లతోటి కావు గౌరీబాయీ.”

“అవునమ్మా. అయినా ఒక్క మాట చెప్తే పోయేదేముంది?”

మహేశ్వరి కప్పు తీసుకుని లోపలికి వచ్చేసింది. రెండేళ్లలో గౌరీబాయి కోసం పద్దెనిమిది పేషీలకు లేచి నిలబడింది. తాను తాగాల్సిన చాయ్ కూడా ఇచ్చింది. ఆ మనిషికి కావలసింది తన మరిది ఫోన్.

రాజాబాబు నల్లకోటు మొదటిసారి వేసుకున్న రోజు దాని గుండీలు సరిచేసింది మహేశ్వరే. నిజామాబాద్‌లో లా చదివి వచ్చినప్పుడు అతనికి ఫైలు కట్టడం కూడా రాదు. పదకొండేళ్లు ఆమె దగ్గర జూనియర్‌గా ఉన్నాడు. ఆమె ముందు నడిస్తే అతను ఫైళ్లు పట్టుకుని వెనక నడిచాడు. దావా వేసే ప్లెయింటులో ఏది ముందు రాయాలో, జడ్జి కళ్లద్దాలు తీశాడంటే వాదన ఎక్కడ ఆపాలో, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. బాన్సువాడ కోర్టులో అప్పట్లో “మహేశ్వరమ్మ మరిది” అంటేనే అతన్ని గుర్తుపట్టేవాళ్లు. ఇప్పుడు కూరగాయల మార్కెట్లో ఆమెను చూసి “ఎంపీ సారు వదినె” అని పక్కకు జరుగుతున్నారు. బెండకాయలు ఏరి ఇస్తున్నారు. ఆ బెండకాయలు వండబుద్ధి కాక ఒకసారి పక్కింటి వాళ్లకు ఇచ్చేసింది.

ఎనిమిదేళ్ల కింద పార్టీ వాళ్లు ఇంటికి వచ్చి, జిల్లాలో తమ కార్యకర్తల మీద పెట్టిన కేసులన్నీ చూడడానికి ఒక వకీలు కావాలని అడిగింది మొదట ఆమెనే. నెలకు రెండుసార్లు హైదరాబాద్ పోవాలి, మీటింగుల్లో మాట్లాడాలి. “మా ఇంట్ల ఒప్పుకోరు. మా రాజాబాబును తీసుకోండి,” అని చెప్పింది. ఇంట్లో ఎవరినీ అడగలేదు. అడిగితే వెంకటేశం “నీ ఇష్టం” అనేవాడేమో. అప్పుడు వెళ్లాల్సి వచ్చేది. వేల మంది ముందు మైకు పట్టుకోవాల్సి వచ్చేది. అది తలుచుకుని భయపడింది. ఆ సంగతి ఆమెకు ఒక్కదానికే తెలుసు. అత్త వద్దందని తెలిసినవాళ్లు అనుకుంటారు. కాదని ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఆ పని పట్టుకునే రాజాబాబు పైకి వచ్చాడు. ముందు కార్యకర్తల కేసులు, తర్వాత జిల్లా పదవి, ఆ తర్వాత టీవీ చర్చలు, చివరికి టికెట్టు.

పార్లమెంటులో అతను మొదటిసారి మాట్లాడిన రోజు ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. రుద్రూర్ దిక్కు చివరి పొలాలకు కాలువ నీళ్లు అందని సంగతి మాట్లాడాడు. “కాలువ మొదట్లో ఉన్నవాడికి నీళ్లు హక్కు, చివర ఉన్నవాడికి నీళ్లు వార్త,” అన్నాడు. సభలో బల్లలు చరిచారు. పోసవ్వ కళ్లు ఒత్తుకుంది. ఆ మాట మహేశ్వరిది. పన్నెండేళ్ల కింద రైతుల తరఫున వేసిన పిటిషన్‌లో ఇంగ్లీషులో రాసింది. దాన్ని టైపు చేయించుకొచ్చింది రాజాబాబే. ఆ మాట తనదని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే కుళ్లు అంటారు. పైగా అతను చెప్పిన తీరు తాను రాసిన దానికంటే బాగుంది.

గౌరీబాయి చాయ్ గొడవ జరిగిన రోజే, మధ్యాహ్నం కోర్టు ఆవరణలో గంగాధర్ ఎదురయ్యాడు. అతనూ వకీలే. రాజాబాబు మీద ఓడిపోయిన అభ్యర్థికి కాగితాలు చూస్తాడు. చెట్టు కింద టైపు మిషన్ల చప్పుడులో ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు.

“అక్కా, ఒకటడుగుతా, తిట్టొద్దు. మీ మరిది మీద గప్పట్ల రాస్తారోకో కేసు ఒకటుండె కదా? కాలువ నీళ్ల కోసం బోధన్ రోడ్డు బంద్ పెట్టిండ్రు.”

“కొట్టేసిండ్రు. అందరికి తెల్సు.”

“తొమ్మిది మంది మీద కొట్టేసిండ్రు. కేసుల పది మంది ఉన్నరు.” గంగాధర్ ఆమె ముఖం చూడకుండా నేల మీద పుల్లతో గీస్తున్నాడు. “పదో మనిషి మీ మరిదే, ఆ దినం కోర్టుకు రాలే. ఆయన వరకు కేసు వేరు చేసి కొత్త నంబరు ఇచ్చిండ్రని నా అనుమానం. గది నిజమైతే ఆ కేసు ఇప్పటికి గూడ నడుస్తున్నట్టే. ఎన్నికల అఫిడవిట్‌ల మీ మరిది కేసులు లేవని రాసిండు.”

“అనుమానమైతే ఎతుక్కో.”

“నంబరు లేంది ఆ పాత రికార్డుల ఎక్కడ ఎతకాలె? ఎన్నిక చెల్లదని ఫలితమొచ్చిన నలభై ఐదు దినాలల్ల హైకోర్టుల పిటిషన్ పడాలె. పదకొండు దినాలున్నయ్. వకాలత్ నీదే ఉండె గదా.” అప్పుడు తలెత్తాడు. “నంబరొక్కటి చాలు. నీ పేరు రాదు. నిజం చెప్తున్నక్కా, ఆ సీట్ల కూసోవాల్సింది నువ్వు. బార్‌ల ఎవరినైనా అడుగు.”

ఇంకెవరైనా ఆ మాట అంటే ఆమె లేచిపోయేదే. కాని ఎనిమిదేళ్లుగా ఎవరైనా అంటారేమోనని ఎదురు చూసిన మాట అది. కాసేపు అక్కడే కూర్చుంది.

“రేపు మాట్లాడుకుందాం,” అంది చివరికి.

ఆ నంబరు వెతకాల్సిన అవసరం ఆమెకు లేదు. నోటికే వచ్చు.

నామినేషన్ వేసే ముందు, ఏప్రిల్‌లో, రాజాబాబు ఫారం పట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నాడు. ఆమె చింతచిగురు గిల్లుతోంది. “వదినా, నా మీద కేసులున్నయా అని అడుగుతుండ్రు. ఉన్నది గా రాస్తారోకో ఒక్కటే. అది అయిపోయింది కదా?” అన్నాడు. తన కేసులు వదిన చూసుకుంటుందన్న ధీమా అతనిది. వేరు చేసిన కేసు, దాని కొత్త నంబరు, ఎవరూ తీసుకుపోని వారంటు, అన్నీ ఆ క్షణంలోనే ఆమె కళ్ల ముందు నిలబడ్డాయి. ఆమె చిగురు గిల్లుతూనే, “కొట్టేసిండ్రు కదా, పేపర్లల్ల గూడ వచ్చింది,” అంది. అతను “లేవు” అని రాసుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు టైము ఉంది, చెప్పలేదు. గెలవడులే, చెప్పి ఏం లాభం అనుకుంది. గెలిచాడు. అప్పటినుంచి తాను మర్చిపోయానని అనుకోవడానికి చాలా ప్రయత్నించింది.

ఆ సాయంత్రం తన ఆఫీసు అయిన ముందుగదిలో అల్మారా తెరిచి ఆ ఫైలు తీసింది. కోర్టు ఆర్డరు కాపీ అంచున తన చేతిరాతే ఉంది. “రాజాబాబు వరకు వేరు కేసు. అతనికి చెప్పాలి.” కింద గీత కూడా గీసి ఉంది.

మర్నాడు గంగాధర్‌కు చెప్పింది. “ఆయన నా క్లయింటు. నేనేం చెప్పను.”

“ఆయన నీ మరిది అని చెప్తే నమ్ముతుంటి అక్కా,” అన్నాడు గంగాధర్.

తాను చేసింది మంచి పనేనని ఆమెకు తెలుసు. అయినా సంతోషం కలగలేదు. ఒక రోజంతా ఆ నంబరు నాలుక చివర పెట్టుకుని తిరిగింది. దాన్ని ఇవ్వకపోవడానికి అంత కష్టపడాల్సి వచ్చిందని తలుచుకుంటే సిగ్గేసింది.

శనివారం మధ్యాహ్నం రాజాబాబు ఢిల్లీ నుంచి వచ్చాడు. దండలూ శాలువాలూ అయ్యాక, వరండా కాస్త ఖాళీ అయ్యాక, మహేశ్వరి అతన్ని ముందుగదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఫైలు ముందు పెట్టి విషయం చెప్పింది. గంగాధర్ వచ్చి అడిగాడనీ చెప్పింది. తనకు అప్పుడే తెలుసన్న ఒక్క మాట మాత్రం నోట రాలేదు.

రాజాబాబు ఆర్డరు రెండుసార్లు చదివాడు. వేళ్ల మీద రోజులు లెక్కబెట్టాడు. ఎంత ఎంపీ అయినా వేళ్లు మాత్రం ఆమె దగ్గర నేర్చుకున్న తీరుగానే మడిచాడు.

“గంగాధర్‌కు చెప్పలేదు గదా?”

“చెప్పలే.”

“ఇగ ఎనిమిది దినాలే వదినా. గమ్మున ఉందాం. తొమ్మిదో నాడు నువ్వు వారంటు వాపసుకు రీకాల్ పిటిషన్ వెయ్యి, నేనొచ్చి నిలబడ్త.” ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత ముందుకు వంగి ఆమె చేయి తట్టాడు. “నువ్వు ఫికర్ జెయ్యకు. మర్శిపోయినవ్, అంతే గదా. ఎన్ని ఫైళ్లని యాది పెట్టుకుంటవ్? వయసు అయితలేదా మనకు?”

ఆమె ఆ చేయి వైపు చూసింది. తిడతాడనుకుంది. ఎందుకు చెప్పలేదని అరుస్తాడనుకుంది. క్షమిస్తాడని అనుకోలేదు. వచ్చిన అర్జీదారుల చేతులు కూడా అతను అలాగే తడతాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కింద చాపల మీద కూర్చున్నారు. పోసవ్వ కొడుకు కోసం నాటుకోడి వండించింది. గేటు వేసి, ఎంపీ సారు పడుకున్నాడని బయట చెప్పించారు. సుజన వడ్డిస్తోంది. రాజాబాబు సంతోషంగా ఉన్నాడు. ఢిల్లీ క్వార్టర్స్‌లో కోతులు వచ్చి రొట్టెలు ఎత్తుకుపోయిన సంగతి చెప్పాడు. నవ్వులయ్యాక అన్న వైపు తిరిగాడు.

“అన్నా, వదినకు జర రెస్టు ఇయ్యాలె. చానా అలిసిపోయింది. నా పాత కేసు ఒకటుంటే మొత్తానికే మర్శిపోయింది. నా సీటుకే మోసం వస్తుండె.”

“ఏం కేసురా?” వెంకటేశం ముద్ద చేతిలోనే పట్టుకుని అడిగాడు.

రాజాబాబు తేలిగ్గా చెప్పాడు. ఇంకో ఏడు రోజులు ఎవరూ నోరు తెరవకపోతే చాలన్నాడు. తర్వాత మళ్లీ, “వదినది తప్పు లేదు. మతిమరుపు,” అన్నాడు ప్రేమగా.

“నిజమే రా. మొన్న పప్పుల ఉప్పు రెండుసార్లేసింది,” అంది పోసవ్వ.

“గ్యాస్ బుక్ చేస్తనని మూడు దినాలు మర్శిపోయింది,” అన్నాడు వెంకటేశం.

“అక్క కండ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంత ఎతుకుతది!” సుజన పకపకా నవ్వింది. దాంట్లో ఎగతాళి కూడా లేదు, ముద్దు చేస్తున్నట్టు నవ్వింది. “అక్కా, ఇంకో ముక్క వేస్త, తిను.”

మహేశ్వరి వద్దని చేయి అడ్డం పెట్టింది.

“నేననేది ఏందంటే,” రాజాబాబు ఎముక పక్కన పెట్టాడు, “ముందరి రూముల నా ఆఫీసు పెట్టుకుందాం. జనం వరండాల ఎండకు చస్తుండ్రు. వదిన ఫైళ్లు వెనక రూముల పెట్టుకుంటది. ఇగ ఎన్నని జేస్తది, ఉన్న నాలుగు కేసులు చూస్కుంట నిమ్మలంగ ఉంటది. ఏమంటవ్ వదినా?”

అందరూ ఆమె వైపు చూశారు. ఎవరి ముఖంలోనూ చెడు లేదు. పోసవ్వ అయితే, ఎప్పుడూ లేనిది, కోడలి వీపు మీద చేయి వేసింది.

పదేళ్ల కిందటి పేషీ తారీఖులు కూడా మహేశ్వరికి తెలుసు. జడ్జీలు ఆర్డరు చెప్పేటప్పుడు సెక్షను మర్చిపోతే ఆమె వైపు చూసేవాళ్లు. ఇరవై నాలుగేళ్ల ప్రాక్టీసులో ఒక్క గడువు దాటనివ్వలేదు. మరిది తన మాటను పార్లమెంటులో తన మాటలా చెప్పుకున్నాడు, ఊరుకుంది. బెంచీ పోయింది, ఊరుకుంది. తనను ఎంపీ వదిన అంటే తలూపింది. కాని ఇది వేరు. వీళ్లు తన చెడ్డతనాన్ని చూడలేదు సరే, తన పనితనాన్ని కూడా ఇంత సులువుగా, కోడికూర తింటూ తీసేసుకున్నారు. చెడ్డదానిగా మిగిలినా ఫరవాలేదు, చేతకానిదానిగా ఈ ఇంట్లో బతకలేనని ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది.

కంచం కొద్దిగా పక్కకు జరిపింది.

“నేను మర్శిపోలే,” అంది.

“అయ్యో, ఎవరైనా మర్శిపోతరు వదినా, దానికేమైతది...”

“మర్శిపోలే రాజాబాబూ. నువ్వు గడప మీద కూసోని అడిగిన దినం, నంబరుతోటి సహా నాకు యాదికున్నది. నేనే చెప్పలే.”

వెంకటేశం చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. సుజన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పోసవ్వ చేయి కోడలి వీపు మీది నుంచి మెల్లగా జారింది.

“ఎందుకు?” అన్నాడు రాజాబాబు. అది ఎంపీ గొంతు కాదు. మొదటి బెయిలు పిటిషన్ కొట్టేసిన రోజు కోర్టు మెట్ల మీద ఆమెను అడిగిన గొంతు.

“నువ్వు పోతుంటివి. నేను ఈడనే ఉంటిని. అందుకే.” ఆమె కళ్లలో నీళ్లు లేవు. “గంగాధర్ అడిగినప్పుడు గూడ ఒక దినమంత ఆలోచించిన. చెప్పలే. చెప్పను గూడ. కాని ఇగ నీ కేసు నా చేతుల ఉండొద్దు. నా మీద నాకే నమ్మకం లేదు.”

బయట గేటు దగ్గర ఎవరో సారు లేచిండా అని అడుగుతున్నారు.

“నో అబ్జెక్షన్ రాసి ఫైలుల పెట్టిన. వేరే వకీలును పెట్టుకో. ఏడు దినాలు ఆగుతవో, రేపే పోయి నిలబడ్తవో నీ ఇష్టం, ఆ సలహా గూడ నేనియ్య. రేపు పదిన్నరకు కోర్టుల మెమో ఇస్తున్న.” మహేశ్వరి గొంతు పెంచలేదు. పక్కన కూర్చున్న అత్తకు ఎంత వినబడాలో అంతే వినబడింది. “నీ వకాలత్ నుంచి తప్పుకుంటున్న.”